చదువుల ఒత్తిడి – ఎనిమిది బరువుల నుంచి శరణు

ఏప్రిల్ నెల వచ్చిందంటే కర్నూలు, కడప పట్టణాల్లో ఎండ వేడిమితో పాటు మరో వేడి కూడా మొదలవుతుంది. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే కాలం అది. వాటి వెనుకే నీట్, ఈఏపీసెట్ పరీక్షలు వస్తాయి. ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు, మిగిలిపోయిన బ్యాక్‌లాగులు సరేసరి. ఏ గల్లీలో చూసినా ఒకటే ప్రశ్న: “మీవాడికి ఎన్ని మార్కులొచ్చాయి? మీ అమ్మాయికి సీటెక్కడ వచ్చింది?” అడిగేవారికి అది కుశలప్రశ్న. జవాబు చెప్పలేని విద్యార్థికి మాత్రం అది గుండె మీద పెట్టిన కడప బండ.

ఈ బరువు ఎంత దూరం తీసుకుపోతుందో మనం చూస్తూనే ఉన్నాం. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. దేశం మొత్తం మీద 2022లో ఇలా పోయిన విద్యార్థులు 13,044 మంది. వారిలో 2,248 మంది మరణానికి పరీక్షలో తప్పడమే కారణంగా నమోదైంది. ఇవి కేవలం అంకెలు కావు. ఒక్కో అంకె వెనుక ఒక ఇల్లు ఉంది, ఒక తల్లి ఉంది, తెరిచిన పుస్తకం ఒకటి ఉంది.

అయితే మన ఇళ్లలో ఈ విషయం వచ్చినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినబడతాయి. మొదటిది: “ఈమాన్ ఉన్నవాడికి టెన్షన్ ఏమిటి? నమాజు చదువు, అంతా పోతుంది.” రెండవది: “ఊళ్లో పిల్లలంతా చదవడం లేదా? నీకొక్కడికే వచ్చిందా కష్టం?” రెండూ మంచి ఉద్దేశంతో అనే మాటలే. కానీ రెండూ బిడ్డ నోరు మూసేస్తాయి. మొదటి మాట విన్న బిడ్డ తన దిగులును పాపంగా భావిస్తాడు. రెండవ మాట విన్న బిడ్డ దాన్ని అవమానంగా భావిస్తాడు. ఆ తరువాత ఎవరికీ చెప్పడు.

మరి ఇస్లాం ఈ విషయంలో ఏం నేర్పింది? దైవప్రవక్త ముహమ్మద్ (స) తరచుగా చేసిన ఒక వేడుకోలును ఈ నెల పాఠంగా తీసుకుందాం.

ఒక కుర్రవాడు విన్న వేడుకోలు

హిజ్రీ ఏడవ సంవత్సరంలో ఖైబర్ ప్రయాణానికి ముందు, తనకు సేవ చేయడానికి ఒక కుర్రవాణ్ణి చూడమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ తల్హా (రజి)తో అన్నారు. ఆయన తన ఇంట పెరుగుతున్న అనస్ (రజి)ను వాహనం మీద వెనుక కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లారు. అప్పుడు అనస్ (రజి) యుక్తవయసులో అడుగుపెడుతున్న కుర్రవాడు. దారిలో దైవప్రవక్త (స) మజిలీ చేసిన ప్రతిచోటా ఒక వేడుకోలు తరచుగా చేస్తుండగా తాను విన్నానని ఆయన తరువాత తెలియజేశారు. సహీహ్ బుఖారీలో ఈ హదీసు ఉంది.

ఆ వేడుకోలులో మహాప్రవక్త (స) ఎనిమిది విషయాల నుంచి అల్లాహ్ శరణు కోరారు. అవి జంటలు జంటలుగా వస్తాయి. హమ్మ్, హజన్ – అంటే ఆందోళన, దుఃఖం. అజ్‌జ్, కసల్ – అంటే అశక్తత, సోమరితనం. జుబ్న్, బుఖ్ల్ – అంటే పిరికితనం, పిసినారితనం. చివరి జంట అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం.

ఇక్కడ మనం రెండు విషయాలు గమనించాలి. మొదటిది, స్వయంగా దైవప్రవక్త (స) ఆందోళన నుంచి, దుఃఖం నుంచి శరణు కోరారంటే, అవి విశ్వాసిని కూడా తాకుతాయన్నమాట. కనుక దిగులుపడిన బిడ్డను విశ్వాసం లేనివాడిగా లెక్కకట్టే హక్కు మనకు లేదు. రెండవది, ఆయన ‘ఒత్తిడి’ అని ఒకే మూట కట్టలేదు. ఏ బరువుకు ఆ పేరు పెట్టారు. పేరు తెలియని జ్వరానికి మందు రాయడం వైద్యుడికి కూడా కష్టం. “ఏమో, మనసు బాగాలేదు” అనే విద్యార్థి తన బరువు ఈ ఎనిమిదింటిలో ఏదో గుర్తించగలిగితే సగం దారి నడిచినట్టే.

ఆందోళన, దుఃఖం

హమ్మ్ అంటే రాబోయేదాని గురించిన బెంగ, హజన్ అంటే గడిచిపోయినదాని గురించిన బాధ అని ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) వివరించారు. ఈ వివరణ మన విద్యార్థి స్థితికి ఎంత చక్కగా సరిపోతుందో చూడండి. నిన్న రాసిన ఫిజిక్స్ పేపరు పాడైంది, అది హజన్. ఎల్లుండి కెమిస్ట్రీ ఎలా ఉంటుందో, అది హమ్మ్. ఈ రెండింటి మధ్య నలిగిపోయేది ఈ రోజు. చేతిలో ఉన్నది మాత్రం ఈ ఒక్క రోజే!

ఆందోళన కొంత మేరకు సహజం. పరీక్ష అనగానే శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమటలు పడతాయి. ఇది రోగం కాదు. పని ముందు శరీరం నడుం కట్టుకోవడం వంటిది. కానీ వారాల తరబడి ఆ కట్టు విప్పకపోతేనే నిద్ర చెడుతుంది, ఆకలి మందగిస్తుంది, చదివింది నిలవదు.

దీనికి విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. పరీక్ష హాలు బయట నిలబడి జవాబులు సరిచూసుకునే అలవాటు మానుకోవాలి. రాసిన పేపరు మన చేతి నుంచి జారిపోయింది, దాన్ని అల్లాహ్‌కు అప్పగించాలి. మనసులో తిరిగే భయాలను ఒక కాగితం మీద రాయాలి. రాసిన వాటిలో మన చేతిలో ఉన్నవి ఏవి, లేనివి ఏవి అని రెండుగా విడదీయాలి. ‘మూడు పాఠాలు చదవలేదు’ అన్నది మన చేతిలోని సంగతి. ‘పేపరు కష్టంగా వస్తే?’ అన్నది మన చేతిలో లేనిది. మొదటిదానికి ప్రయత్నం, రెండవదానికి దుఆ.

పరీక్ష తప్పినంత మాత్రాన దారి మూసుకుపోదన్న సంగతి కూడా ఇంట్లో ముందే, ఫలితాలు రాకముందే మాట్లాడుకోవాలి. ఇంటర్‌లో తప్పినవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. రీవెరిఫికేషన్ ఉంది. నీట్, ఈఏపీసెట్ మరుసటి ఏడు మళ్లీ రాసుకోవచ్చు. హజ్రత్ హాజిరా (అలై) పసిబిడ్డ దాహం తీర్చడానికి సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు తిరిగారు. నీళ్లు ఆ రెండు కొండల మీదా దొరకలేదు. బిడ్డ ఉన్నచోట జమ్‌జమ్ పొంగింది. ఆ పరుగు వృథా అని ఏ ముస్లిమూ అనడు. నేటికీ హజ్, ఉమ్రాలలో లక్షలాది మంది ఆ పరుగునే అనుసరిస్తున్నారు. ప్రయత్నం ఒకచోట చేస్తాం, ఫలం మరోచోట నుంచి రావచ్చు. మెడిసిన్ సీటు కోసం చదివిన చదువు వేరొక మేలైన దారికి పనికిరావచ్చు.

అశక్తత, సోమరితనం

పని చేయలేకపోవడం అశక్తత. చేయగలిగి కూడా చేయకపోవడం సోమరితనం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి: పుస్తకం తెరిచి ఉంటుంది, చదువు సాగదు. ఇక్కడే పెద్దలు చాలాసార్లు పొరబడతారు.

పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలోనో, తెలుగు మీడియంలోనో చదివిన బిడ్డ ఒక్కసారిగా ఇంగ్లీషులో పాఠాలు వినవలసి వస్తుంది. బండల పాలిష్ పనిచేసే తండ్రి, ఇంట్లో కుట్టుమిషను తొక్కే తల్లి ఆ పాఠం చెప్పలేరు. ఇడుపులపాయలో 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీ వంటి చోట పదో తరగతి కాగానే పల్లెల పిల్లలు ఇల్లు వదిలి ఆరేళ్ల చదువుకు వెళతారు. పదిహేను, పదహారేళ్ల వయసులో భాష కొత్త, తిండి కొత్త, గది కొత్త. ఊళ్లో మొదటి ర్యాంకు వచ్చినవాడు అక్కడ వందమంది మొదటి ర్యాంకుల మధ్య కూర్చుంటాడు. ఆ బిడ్డ మొదటి సెమిస్టర్‌లో తడబడితే దాన్ని సోమరితనం అనకూడదు. అశక్తతకు మందు తిట్టు కాదు, సాయం. సీనియర్ విద్యార్థి ఒకరు వారానికి రెండు గంటలు కూర్చోబెట్టుకుంటే చాలు, చాలా ముడులు విడిపోతాయి. మన జమాఅతుల్లో చదువుకున్న యువకులు ఎందరో ఉన్నారు. జుమా నమాజు తరువాత మస్జిదు వరండాలోనే లెక్కలు చెప్పవచ్చు.

ఈ నేల మీద అలాంటి సాయానికి చరిత్ర కూడా ఉంది. డాక్టర్ అబ్దుల్ హఖ్ చొరవతో 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల ఏర్పడింది. చదువుకు దూరంగా ఉన్న ఎన్నో కుటుంబాల బిడ్డలకు అది తలుపు తెరిచింది. ఆయన పేరుతోనే 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది. ఒకరు తలుపు తెరిస్తే తరాలు లోపలికి నడుస్తాయి.

ఇక సోమరితనం సంగతి. దానికి మందు క్రమశిక్షణ. అల్లాహ్ మనకు రోజును ఐదు నమాజులతో భాగాలు చేసి ఇచ్చాడు. విద్యార్థికి ఇంతకంటే మంచి టైమ్‌టేబుల్ ఏముంటుంది? ఫజ్ర్ తరువాతి ప్రశాంత సమయం కష్టమైన సబ్జెక్టుకు కేటాయించుకోవాలి. అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు కాసేపు నడక, ఆట. మగ్రిబ్ నుంచి ఇషా వరకు రాత పని. ‘ఈ రోజు మొత్తం కెమిస్ట్రీ పూర్తి చేస్తా’ అనే నిర్ణయం నిలబడదు. ‘ఇషా లోపు ఈ నాలుగు లెక్కలు’ అనే నిర్ణయం నిలబడుతుంది. సెల్‌ఫోన్ ఆ గంటసేపు అమ్మీ దగ్గర ఉండాలి.

అలాగని రాత్రంతా మేలుకోవడం మెచ్చుకోదగినది కాదు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా ఆరాధనలో గడుపుతుంటే హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయన్ను ఆపి, రాత్రి మొదటి భాగంలో పడుకోబెట్టారు. ప్రభువుకూ, దేహానికీ, ఇంటివారికీ ఎవరి హక్కు వారికి ఇవ్వాలని బోధించారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ మాట నిజమన్నారు. ఆరాధన కోసమే నిద్రను పూర్తిగా వదులుకోకూడదంటే, మార్కుల కోసం వదులుకోవడం ఎలా సబబు? పైగా చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానుకున్నవాడు నింపిన కుండకు తానే చిల్లు పెట్టుకున్నట్టు.

2024, 2025 సంవత్సరాల్లో రమజాన్ మార్చి నెలలో, పరీక్షల కాలంలోనే వచ్చింది. అలాంటప్పుడు తరావీహ్ కాగానే పడుకుని, సహరీకి కాస్త ముందుగా లేచి చదువుకోవడం మేలు. ఇఫ్తార్ తరువాత నీళ్లు తగినంత తాగాలి. మన ప్రాంతపు ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే తలనొప్పి, చిరాకు తప్పవు. దాన్ని కూడా చదువు భారమే అనుకుని పిల్లలు బెంబేలు పడతారు.

పిరికితనం, పిసినారితనం

విద్యార్థి విషయంలో పిరికితనం ఎక్కడ కనబడుతుంది? తరగతిలో అర్థం కాని చోట చెయ్యెత్తి అడగలేకపోవడంలో. ‘ఈ కోర్సు నాకు పట్టుబడడం లేదు’ అని అబ్బాకు చెప్పలేకపోవడంలో. బ్యాక్‌లాగులు ఆరు ఉంటే రెండే అని అబద్ధం చెప్పడంలో. అబద్ధం ఆ రోజుకు బరువు దించుతుంది, మరుసటి రోజు నుంచి రెండింతలు మోయిస్తుంది.

ఫిరౌన్ వద్దకు వెళ్లమని ఆజ్ఞ వచ్చినప్పుడు హజ్రత్ మూసా (అలై) తన భయాన్ని దాచుకోలేదు. తన హృదయాన్ని విశాలం చేయమని, పనిని సులభం చేయమని, నాలుక ముడి విప్పమని ప్రభువును అర్థించారు. అంతటితో ఆగక తన సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా ఇమ్మని కోరారు. సూరా తాహాలో ఈ ఘట్టం ఉంది. మన పిల్లల్లో చాలామంది పరీక్షకు ముందు ఆ దుఆ చదువుతారు. కానీ దాని రెండవ భాగాన్ని మరిచిపోతాం. ఒక ప్రవక్తే తోడు కోరితే, ఒక విద్యార్థి స్నేహితుణ్ణో, లెక్చరర్‌నో, అన్ననో తోడు కోరడం బలహీనత ఎలా అవుతుంది?

పిసినారితనం డబ్బుకే పరిమితం కాదు. మంచిమాటకు, సమయానికి కూడా మనం పిసినారులమవుతాం. తొంభై మార్కులు తెచ్చిన బిడ్డను మిగతా పది ఎక్కడ పోయాయని అడుగుతాం. హాస్టల్‌కు ఫోన్ చేసి ‘చదువుతున్నావా?’ అని అడుగుతాం గానీ, ‘తిన్నావా? నిద్ర పట్టిందా?’ అని అడగం. రెండు నిమిషాల మాట మనకు పెద్ద ఖర్చు కాదు. ఆ బిడ్డకు అది వారం రోజుల బలం.

అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం

ఆందోళనతో మొదలైన ఆ వేడుకోలు అప్పులతో ముగింపుకు రావడం మన రాయలసీమ కుటుంబాలకు ఎంతగా వర్తిస్తుందో చెప్పనవసరం లేదు. వేరుశనగ వేసిన ఏడు వాన రాదు, బోరు ఎండిపోతుంది, అయినా బిడ్డ ఫీజు కట్టాలి. నగలు కుదువకు పోతాయి. ఇది తల్లిదండ్రుల త్యాగమే. కానీ ఆ త్యాగాన్ని రోజూ బిడ్డ ముందు లెక్కచెప్పడం త్యాగం విలువను తగ్గిస్తుంది. చేసిన మేలును ఎత్తిచూపి నొప్పించడం దానాన్ని వృథా చేస్తుందని దివ్యఖుర్‌ఆన్ హెచ్చరించింది. పరాయివారికి ఇచ్చిన దానం విషయంలోనే ఇంత హెచ్చరిక ఉంటే కన్నబిడ్డ విషయంలో ఎంత జాగ్రత్త అవసరం! ‘నీ మీద మూడు లక్షలు పెట్టాం’ అనే మాట విన్న బిడ్డ పరీక్ష హాలులో ప్రశ్నపత్రాన్ని చూడడు, ఆ మూడు లక్షలను చూస్తాడు.

ఇంటి ఆర్థిక పరిస్థితిని పిల్లలకు దాచమని మేము చెప్పడం లేదు. ఒకసారి కూర్చోబెట్టి, ఉన్న సంగతి చెప్పి, అప్పు తీర్చే బాధ్యత పెద్దలదేనని స్పష్టం చేయాలి. కోర్సు ఎంచుకునే ముందే ప్రభుత్వ కళాశాల సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్, మైనారిటీ స్కాలర్‌షిప్‌ల గురించి విచారించాలి. విద్యార్థులు కూడా సెల్‌ఫోన్లో దొరికే లోన్ యాప్‌ల జోలికి పోరాదు. అందులో వడ్డీ ఉంది. దానికి తోడు వేధింపు ఉంది. ఇప్పటికే చిక్కుకున్నవారు భయపడి దాచుకోకుండా ఇంట్లో చెప్పాలి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

మనుషుల దౌర్జన్యం అంటే విద్యార్థి లోకంలో ర్యాగింగ్, మతం పేరుతోనో, ఉచ్చారణను బట్టో చేసే ఎగతాళి, ఆడపిల్లలను వెంటపడి వేధించడం. ఇవి ఓర్చుకుని ఊరుకోవలసినవి కావు. సహనం అంటే అన్యాయాన్ని మూగగా భరించడం కాదు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. ర్యాగింగ్‌పై జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫిర్యాదు చేసిన బిడ్డకు ఇల్లు అండగా నిలవాలి. ‘నీ తప్పు ఏదో ఉండే ఉంటుంది, ఇక కాలేజీ మానేయ్’ అనే మాట ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో మన ఇళ్లలో వినబడకూడదు. అలా అంటే బాధితురాలికే శిక్ష వేసినట్టు అవుతుంది.

మరవ లేని చెరువు

మన సీమ ప్రజలకు చెరువు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కారు. నీటి కరువు తెలిసిన పెద్దలు నీటిని నిలపడం ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో దాన్ని బట్టి అర్థమవుతుంది. అయితే నిలపడం ఒక్కటే చాలదు. ఎక్కువైన నీరు పోవడానికి మరవ ఉండాలి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టుకు, గేట్ల గుండా బయటికి పోగలిగినదానికంటే ఎక్కువ వరద వచ్చింది. నీరు కట్టను దాటింది, మట్టికట్ట తెగింది, కింది ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ రోజు కన్నీళ్లు కడప వాసులు ఇంకా మరువలేదు.

మనిషి హృదయం కూడా అంతే. సహనం దాని కట్ట. చెప్పుకోవడం దాని మరవ. కట్ట ఎంత బలంగా ఉన్నా మరవ మూసేస్తే ప్రమాదమే. హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారుని ఎడబాటుతో కంటిచూపు పోయేంతగా దుఃఖించారు. తన వేదనను అల్లాహ్‌కు మొరపెట్టుకుంటున్నానని అన్నారు. అయినా ఆయన సహనం సుందరమైన సహనంగానే నిలిచింది. కన్నీరు సహనానికి విరుద్ధం కాదని దీని నుంచి మనం నేర్చుకోవాలి. సజ్దాలో చెప్పుకోవడం మొదటి మరవ. నమ్మకమైన మనిషికి చెప్పుకోవడం రెండవ మరవ. రెండూ తెరిచి ఉండాలి.

హజ్రత్ ఖదీజా (రజి) చేసిన నాలుగు పనులు

చెప్పుకోవడం పిల్లల వంతు అయితే, వినడం పెద్దల వంతు. వినడం ఎలాగో తెలియాలంటే ఇస్లాం చరిత్రలో మొట్టమొదటి రోజునే చూడాలి.

హిరా గుహలో తొలి దైవవాణి అవతరించిన తరువాత దైవప్రవక్త (స) గుండె దడతో ఇంటికి వచ్చారు. తనకు దుప్పటి కప్పమన్నారు. హజ్రత్ ఖదీజా (రజి) కప్పారు. ప్రశ్నలతో ముంచెత్తలేదు. వణుకు తగ్గాక ఆయన జరిగినదంతా చెప్పి, తన ప్రాణానికి భయం వేసిందన్నారు. ఆమె పూర్తిగా విన్నారు. ఆ తరువాత ఆయనలోని మంచిని ఆయనకే గుర్తుచేశారు: బంధుత్వాన్ని కలుపుతారని, బలహీనుల బరువు మోస్తారని, అతిథులను ఆదరిస్తారని, అలాంటి మనిషిని అల్లాహ్ ఎన్నటికీ అవమానపరచడని ధైర్యం చెప్పారు. చివరగా, ఆ విషయం తెలిసిన పెద్ద మనిషి వరఖా బిన్ నౌఫల్ వద్దకు స్వయంగా తీసుకువెళ్లారు.

నాలుగు పనులు: మొదట ఆసరా, తరువాత వినడం, తరువాత మంచిని గుర్తుచేయడం, చివరగా తెలిసినవారి వద్దకు తీసుకుపోవడం. మార్కుల మెమో పట్టుకుని వణుకుతూ వచ్చిన బిడ్డకు మన ఇంట్లో మొదట దొరకవలసింది దుప్పటి. ప్రశ్న తరువాత. ‘నీకు మార్కులు తగ్గాయి, కానీ నువ్వు నానీని ఆసుపత్రికి తీసుకెళ్లావు, తమ్ముడికి పాఠం చెప్పావు, అబద్ధమాడకుండా నిజం చెప్పావు, అల్లాహ్ నిన్ను వదిలేయడు’ అనే మాట ఏ తల్లి అయినా చెప్పగలదు. దానికి డిగ్రీ అవసరం లేదు.

తెలిసినవారి వద్దకు

నాలుగవ పనిలోనే మనవాళ్లు వెనుకాడతారు. ‘మెంటల్ డాక్టర్ దగ్గరికి పోతే నలుగురు ఏమనుకుంటారు? రేపు పెళ్లి సంబంధాలు వస్తాయా?’ అని భయపడి ఊరుకుంటారు. కొందరు తావీజులతో సరిపెడతారు. అల్లాహ్ ప్రతి రోగానికీ మందు సృష్టించాడు కనుక వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మనసు రోగానికి అందులో మినహాయింపు లేదు. దుఃఖంలో ఉన్నవారికి, రోగులకు బార్లీ గింజల జావ తల్బీనా ఇవ్వడం మంచిదని, అది హృదయానికి ఊరట ఇస్తుందని ఆయన చెప్పినట్టు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అంటే దుఆతో పాటు శరీరానికి అందవలసినది కూడా అందాలి.

ఏ గుర్తులు చూస్తే వైద్యుణ్ణి కలవాలి? రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడిపోవడం, ఇష్టమైన ఆటపాటలు, స్నేహితులు కూడా వద్దనిపించడం, ఎప్పుడూ ‘నా వల్ల కాదు, నేను భారం’ అనడం, మత్తు పదార్థాల వైపు పోవడం. బతకాలని లేదన్న మాట, తన వస్తువులు ఇతరులకు పంచిపెట్టడం వంటివి కనబడితే రెండు వారాలు ఆగరాదు. ఆ రోజే, ఆ గంటే కదలాలి. బిడ్డను ఒంటరిగా వదలరాదు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని నెమ్మదిగా, నేరుగా అడగవచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. తనను పట్టించుకునేవారు ఉన్నారన్న ఊరట కలుగుతుంది.

ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు, దాన్ని తీసుకునే హక్కు మనకు లేదని మనందరికీ తెలుసు. అయితే ఆ మాటను ముంపులో ఉన్న బిడ్డ మీద రాయిలా విసరకూడదు. ముందు చెయ్యి అందించాలి. చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలని, ప్రభుత్వం అతనికి చికిత్స అందించాలని చెబుతోంది.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఉచితం. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. విశాఖపట్నంలో 2023లో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు సెక్షన్లుగా విడదీయకూడదు, అందరి ముందు అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా పెట్టాలి. బిడ్డను చేర్పించేటప్పుడు ఫీజు ఎంత అని అడిగే మనం, కౌన్సెలర్ ఎవరు అని కూడా అడగాలి. అది మన హక్కు.

ఈ నెల ఇంటి పని

ప్రియ పాఠకులారా! ఈ పాఠాన్ని చదివి పక్కన పెట్టకుండా ఇంట్లో ఆచరణలోకి తెద్దాం. దైవప్రవక్త (స) చేసిన ఆ వేడుకోలును ఇంటిల్లిపాదీ అర్థంతో సహా నేర్చుకుందాం. వారంలో ఒక రోజు ఇషా తరువాత టీవీ కట్టేసి కూర్చుందాం. ఆ ఎనిమిదింటిలో ఈ వారం తమను బాధించినది ఏదో ఒక్కొక్కరూ చెప్పాలి. మొదట పెద్దలు చెప్పాలి. అబ్బా తన అప్పు బెంగను చెబితే, కొడుకు తన బ్యాక్‌లాగు సంగతి చెప్పగలుగుతాడు. హాస్టల్‌లో ఉన్న బిడ్డకు ఫోన్ చేసి మార్కుల ఊసెత్తకుండా మాట్లాడుదాం. 14416 అనే నంబరును ఇంట్లో అందరికీ కనబడే చోట రాసి పెడదాం. పక్కింటి బిడ్డ ఫలితం గురించి మనంతట మనం ఆరా తీయకుండా ఉందాం. అది కూడా ఒక సదఖానే.

ఓ అల్లాహ్! మా పిల్లలను ఆందోళన నుంచి, దుఃఖం నుంచి కాపాడు. వారి చదువులో శుభాన్ని ప్రసాదించు. వారు తమ బరువు దించుకోగలిగేలా మా ఇళ్లను విశాలం చెయ్యి. వినే చెవిని, ఓర్చుకునే నాలుకను మా పెద్దలకు అనుగ్రహించు. ఆమీన్.